18 ముక్కల యుద్ధం: చాలాకాలం ఆడాక ‘ఎయిర్, ల్యాండ్ అండ్ సీ’

పూల్ రమ్మీలో చెయ్యి పడనప్పుడు మొదట్లోనే డ్రాప్ చెప్పి, 80 పాయింట్లకి బదులు 20తో బయటపడటం తెలిసినవాళ్లకి ఈ ఆట వెంటనే ఎక్కేస్తుంది. జాన్ పెర్రీ తయారుచేసిన ఈ ఇద్దరి ముక్కలాట 2019లో వచ్చింది. గుంటూరు నుంచి బెజవాడకి రోజూ రైల్లో తిరిగే నేనూ మా బామ్మర్దీ ఇప్పటికీ దీన్ని వదల్లేదు.

ఆకాశం, నేల, సముద్రం అని మూడు రంగాలు పక్కపక్కన పరుస్తాం. ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా ముక్కలు, మొత్తం 18. చెరి ఆరు పంచుకుంటే మిగతా ఆరు బోర్లా పక్కన ఉంటాయి. రెండు రంగాల్లో ఎవరి బలం (వేసిన ముక్కల అంకెల మొత్తం) ఎక్కువుంటే వాళ్లదే ఆ యుద్ధం, అంటే ఆ రౌండు. ముక్కని దాని రంగంలోనే వెయ్యాలి. బోర్లా వేస్తే ఎక్కడైనా వెయ్యొచ్చు గానీ విలువ 2 మాత్రమే, దాని మీద రాసున్న ప్రత్యేక శక్తి పనిచేయదు.

ఆటకి ప్రాణం మాత్రం లేచిపోవడంలోనే, అంటే ఓటమి ఒప్పుకుని యుద్ధాన్ని మధ్యలో వదిలెయ్యడంలోనే ఉంది. మొదట వేసేవాడు చేతిలో నాలుగు ముక్కలు ఉండగానే లేచిపోతే అవతలివాడికి 2 పాయింట్లే. ముక్కలు తగ్గేకొద్దీ అది 3, 4 అవుతుంది. ఆఖరిదాకా కూర్చుని ఓడితే ఏకంగా 6. ముందు 12 పాయింట్లు చేరినవాడిదే గెలుపు కాబట్టి అలాంటి ఓటములు రెండయితే ఆట ముగిసినట్టే. అందుకే ప్రతి ముక్కకీ టెన్షన్. “బావా, లేస్తావా, ఇంకోటి వేస్తావా?” అని మావాడు అడుగుతుంటే, వాడి చేతిలో నిజంగా 6 ఉందా, బెదిరిస్తున్నాడా అని మొహం చూడాల్సి వస్తుంది.

యుద్ధం అయిన ప్రతిసారీ రంగాల వరస మారుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. ఆకాశం 1 ముక్క శక్తి పక్క రంగాల్లో మన బలానికి 3 కలుపుతుంది. ఆకాశం చివర్లో ఉంటే ఒక పక్కే లాభం, నడిమికి వస్తే రెండు పక్కలా. మావాడు అలా వేసిన ప్రతిసారీ నేను నేల 2తో దాన్ని బోర్లించేవాణ్ని. దాని సొంత విలువ 1 నుంచి 2 అవుతుంది గానీ, అటు 3, ఇటు 3 పోతాయి. పైన ఉన్న ముక్కనే తిప్పగలం కాబట్టి ఇప్పుడు వాడు వెంటనే దాని మీద ఇంకోటి వేసి కప్పేస్తున్నాడు. ఇన్నే ముక్కల్లో ఇంత ఎత్తు, పైఎత్తు ఉండటం నాకెంతో ఇష్టం.

రైల్లో ఒళ్లో బ్యాగు మీద పరిస్తే సరిపోతుంది. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగితే ఒక యుద్ధం తేలిగ్గా అయిపోతుంది. ముక్కలు బయటికి తీయగానే ఎదురు సీటువాళ్లు “పందెం ఎంత?” అంటారు. పందెం లేదని తెలిశాక వాళ్లే ముందుకి వంగి సలహాలు ఇస్తారు.

లోపాలూ ఉన్నాయి. ఇద్దరికి మించి ఆడలేం. ముక్కల మీద రాత అంతా ఇంగ్లీషే కాబట్టి మా అత్తయ్యగారికి శక్తులన్నీ తెలుగులో ఓ కాగితం మీద రాసిచ్చాం. ఎండాకాలం చెమట చేతులకి అంచులు తొందరగా నలుగుతాయి, కొన్న రోజే ప్లాస్టిక్ తొడుగులు వేసెయ్యండి. మొదటి రెండు మూడు ఆటలు చప్పగా అనిపిస్తే మానెయ్యొద్దు. 18 ముక్కలూ నోటికి వచ్చాకే, పక్కన పెట్టిన ఆరింటిలో ఏముందో ఊహించడం మొదలవుతుంది.