ఐయాట్సిస్ వాపసు సేవ: మంచిదే, రికార్డులతోనే చిక్కు

ఆస్ట్రేలియా ఆదివాసుల వస్తువుల్ని విదేశీ మ్యూజియంల నుంచి తెప్పించే ఐయాట్సిస్ (ఆదివాసుల సంస్కృతిపై పనిచేసే అక్కడి ప్రభుత్వ సంస్థ) సేవ నిజంగా మెచ్చుకోదగ్గది. అడిగేది సంస్థే అయినా, చివరి మాట ఆ తెగ పెద్దలదే. 2023లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మ్యూజియం నుంచి 174 వస్తువులు, గవ్వల బొమ్మలతో సహా, ఉత్తర ఆస్ట్రేలియా దీవి గ్రూట్ ఐలాండ్‌లోని అనిందిల్యాక్వా ప్రజలకు చేరాయి. అది విశ్వవిద్యాలయ మ్యూజియం కాబట్టి వీలైంది; బ్రిటిష్ మ్యూజియం అయితే తన వస్తువుల్ని ఇచ్చేయకుండా 1963 చట్టం చేతులు కట్టేసింది.

చిక్కంతా రికార్డుల్లోనే. వస్తువులకు కట్టిన పాత చీటీల మీద చాలాసార్లు తెగ పేరుండదు, ఊరుండదు. పోనీ గుర్తుపట్టమని ఫొటోలు అందరికీ పంపుదామంటే కుదరదు, కొన్ని దీక్ష పొందిన మగవాళ్లే చూడాల్సినవి. ఇంకో జాగ్రత్త: వస్తువులకు పురుగు పట్టకుండా మ్యూజియంలలో ఒకప్పుడు ఆర్సెనిక్, పాదరసం లాంటి విష మందులు వాడేవారు. అందుకే పెట్టె విప్పకముందే పరీక్ష నివేదిక అడగండి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పూర్వీకుల అస్థికల కోసమైతే ఐయాట్సిస్‌కు కాదు, ఆస్ట్రేలియా ప్రభుత్వ కళల శాఖకు రాయాలి.