అలిపిరి మెట్ల మీద వాసన క్లిప్పు: ఏడాది పైగా వాడాక

కాలరుకు తగిలించుకుంటే, నాడి పెరిగినప్పుడు పుదీనా వాసన చిమ్మే క్లిప్పు ఇది. ఇందులో నాకు బాగా నచ్చింది, వాసన వదిలి వెంటనే ఊరుకోవడం. చేతి బ్యాండులో నాడి 140 దాటితే కాలరు దగ్గర చిన్నగా 'టిక్' మంటుంది, పుదీనా ఒక్కసారి ముక్కుకు తగులుతుంది, అంతే. మళ్లీ కొన్ని నిమిషాల దాకా పలకదు. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా నిటారు మెట్ల మీద 'ఇంక కూర్చుందాం' అనిపించే వేళకు సరిగ్గా అది పలికిందంటే ఇంకో ఇరవై ముప్పై మెట్లు ఊరికే ఎక్కేస్తాం.

ఆ ఊరుకోవడం విలువ పోయిన మే నెలలో బాగా తెలిసింది. ఎండకు లోపలి మందు చిక్కబడిందో ఏమో, వాల్వు తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. మొదట ముక్కు పగిలేలా గుప్పుమంది. కాసేపటికి నాకు ఏ వాసనా లేదు, సర్దుకుందనుకున్నా. వెనక మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక పెద్దావిడ, "ఏం నాయనా, ఒళ్లంతా అమృతాంజనం పూసుకున్నావా? కండ్లు మండతా ఉండాయి" అనింది. తీసి చూస్తే కాలరు తడిసిపోయింది, మెడ దగ్గర చర్మం ఎర్రగా కందిపోయింది. ఒకే వాసన ఆగకుండా తగిలితే ముక్కు నిమిషాల్లోనే అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. పక్కవాళ్లకు మాత్రం అది మండుతూనే ఉంటుంది. కంపెనీవాళ్లు ఎండకు వారంటీ లేదని మొదట వాదించి, చివరికి వేరేది పంపారు.

కొన్న కొత్తలో 'దీంతో ఊపిరి బాగా ఆడుతుంది' అని అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత మాట అనను. పుదీనా వాసనలో చల్లగా అనిపించే పదార్థం మెంథాల్, అది ముక్కు దారినేమీ వెడల్పు చేయదు. చలిని పసిగట్టే గ్రాహకాన్ని తడుతుంది, గాలి ఎక్కువ ఆడినట్టు అనిపిస్తుంది. (ఆ గ్రాహకాన్ని మెంథాల్‌తోనే పట్టుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో వైద్య నోబెల్ వచ్చింది.) 3,550 మెట్లకు నాకు పట్టే సమయం మారలేదు, నాడీ తగ్గలేదు. తగ్గింది విసుగు. నాకది చిన్న విషయం కాదు.

నిద్రకని ఇచ్చిన లావెండర్ కాట్రిడ్జ్ (క్లిప్పులో పెట్టే వాసన మందు గొట్టం) డబ్బాలోనే ఉంది, మా ఆవిడకు మైగ్రేన్, ఆ వాసన పడదు.

కొండకు దగ్గర్లో ఉండి తరచూ ఎక్కేవాణ్ణి, ఉబ్బసం లేనివాణ్ణి కాబట్టి నాకు పనికొచ్చింది. ఉబ్బసం ఉంటే డాక్టర్‌ను అడగకుండా కొనకండి. ఏడాదికోసారి మొక్కు తీర్చుకునేవాళ్లకు దండగే. జనం ఒత్తిడిగా ఉంటే ఆపేయండి. పూలన్నీ స్వామివే అని తలలో పువ్వు కూడా పెట్టుకోని కొండ అది, అందుకే మెట్లు అవ్వగానే నేను దాన్ని సంచిలో వేసేస్తాను. వేసవిలో తెల్లవారుజామున తప్ప వాడటం లేదు. వాల్వుకు విడిగా మూత ఉన్న మోడల్ వస్తే తప్పకుండా కొంటా. ఇదే మళ్లీ కొంటానా అంటే, అప్పటి కాట్రిడ్జ్ ధర చూసి చెప్పాలి.