టీబీ వైద్యం: ఇంట్లోనా, ఆసుపత్రిలో ఉంచా?

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలగానే చాలామంది నోట మొదట వచ్చే మాట, "ఎక్కడైనా చేర్పిద్దామా?" అనే. క్షయ రోగిని ఊరికి దూరంగా, మంచి గాలి తగిలే చోట నెలల తరబడి మంచం మీద ఉంచాలని ఒకప్పుడు డాక్టర్లూ నమ్మేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం అలాంటి రోజుల్లో వెలిసిందే.

ఆ నమ్మకంలో నిజమెంతో తేల్చింది మద్రాసు. 1956లో అక్కడ మొదలైన టీబీ కీమోథెరపీ సెంటర్‌లో 193 మంది పేద రోగులను, చీటీలు తీసినట్టు, రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానటోరియంలో విశ్రాంతిగా మంచి తిండి తింటూ ఉంది. రెండో జట్టు తమ ఇరుకిళ్లలోనే, దొరికింది తింటూ, పనులు చేసుకుంటూ ఉంది. మందులు మాత్రం రెండు జట్లకూ ఒకటే: ఐసోనియాజిడ్, పాస్ (PAS) అనే టీబీ మందులు. ఏడాది గడిచాక శానటోరియం జట్టులో 92 శాతం మందికి, ఇంటి జట్టులో 86 శాతం మందికి జబ్బు అణిగింది. అన్ని సౌకర్యాలూ ఉన్నా అంత కొద్ది తేడాయే!

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది ఇంట్లోవాళ్ల సంగతి. పసిపిల్లలకు అంటుతుందేమోనన్న టెన్షన్ ఏ తల్లికైనా ఉంటుంది. ఆ మద్రాసు రోగుల ఇళ్లను అయిదేళ్లు గమనించి చూస్తే, రోగిని ఇంట్లోనే ఉంచుకున్నందువల్ల కుటుంబానికి అదనపు ముప్పేమీ కనిపించలేదు. మందు మొదలవకముందు, జబ్బు సంగతి తెలియక దగ్గుతూ తిరిగిన రోజుల్లోనే అంటుకోవడం ఎక్కువ.

అయితే ఆ ఇంటి వైద్యం మందుల పొట్లం చేతికిచ్చి పంపేసింది కాదు. రోగి వారం వారం వచ్చి మందులు తీసుకెళ్లాలి. చెప్పాపెట్టకుండా ఒకరు ఇంటికి వచ్చి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మందు ఒంట్లోకి వెళ్లిందో లేదో మూత్రం పరీక్షించేవారు. ఇంటి పద్ధతికి అసలు గండం మందులు మధ్యలో మానేయడమే. ఇప్పటి మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. రెండో నెలకల్లా జ్వరం పోయి, దగ్గు తగ్గి, ఒళ్లు కాస్త తేరుకుంటుంది. "తగ్గిపోయిందిగా" అని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగానూ మారొచ్చు.

తిండి విషయంలో మద్రాసు ఫలితాన్ని కొందరు తప్పుగా అర్థం చేసుకుంటారు. మంచి తిండి లేకపోయినా మందులు పనిచేశాయి, నిజమే. అంతమాత్రాన తిండి అక్కర్లేదని కాదు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగిన రేషన్స్ అధ్యయనంలో రోగితోపాటు ఇంట్లోవాళ్లకూ నెలనెలా బియ్యం, పప్పులు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రోగికి మాత్రమే రేషన్ ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే, ఈ ఇళ్లలో కొత్తగా టీబీ బారిన పడినవాళ్లు 39 శాతం తక్కువ. ఇప్పుడు ప్రభుత్వం రోగి ఖాతాలో వేసే నెలకు 1,000 రూపాయలు ఆ ఇంటి గిన్నెలో పప్పుగా మారాలని నా ఆశ.

కాబట్టి నా ఓటు ఇంటికే. దగ్గులో రక్తం బాగా పడుతున్నా, ఆయాసం ఎక్కువైనా, మరీ చిక్కి లేవలేకపోతున్నా, మందులు పడక కామెర్లు వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్పించాలి. కుదుటపడ్డాక మిగతా కోర్సు ఇంటి దగ్గరే, మాత్ర వేసుకున్నారా అని రోజూ అడిగే మనిషి పక్కనుండగా.