మెడ ముడులకు చేతి చికిత్స: మూడేళ్ల తర్వాత

18 ఏళ్లుగా కుట్టు మిషను ముందు తల వంచుకుని కూర్చునే పని నాది. కుడి కణతలో, కంటి వెనక నొప్పి మొదలైనప్పుడు చూపు తగ్గిందేమోనని కళ్లద్దాలు మార్పించుకున్నాను. నొప్పి తగ్గలేదు. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే ఆమె నా తల జోలికే రాలేదు. మెడకూ భుజానికీ మధ్య ఉండే కండను రెండు వేళ్లతో పట్టుకుని, తాడులా బిగిసిన చోట బఠాణీ గింజంత ముడి దగ్గర ఆగి నొక్కింది. కాసేపటికే కణతలో అదే నొప్పి లేచింది. "ఇదేనా అమ్మా మీ తలనొప్పి?" అని అడిగింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీటిని ట్రిగ్గర్ పాయింట్లు అంటారట. ముడి ఒకచోట, నొప్పి మరోచోట. ఆమె గోడ మీది పటంలో ఆ కండ నుంచి కణత దాకా ఎర్రరంగు వేసి ఉంది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి వైద్యురాలిగా పనిచేసిన జానెట్ ట్రావెల్ ఇలాంటి పటాలకు బాట వేశారని చెప్పింది.

అంతకుముందు ఒక మర్దన కేంద్రంలో మోచేత్తో నొక్కించుకుంటే వారం రోజులు కండ కమిలిపోయి ఉంది. గట్టిగా నొక్కితేనే ముడి విడుతుందనుకోవడం తప్పు. ఈమె నొప్పిని పదికి ఎంతో చెప్పమని, ఐదారు దాటనివ్వకుండా నిమిషంపాటు కదపకుండా పట్టుకునేది. వేలి కింద ముడి మెత్తబడటం నాకే తెలిసేది. ఆపైన మెడను రెండోవైపుకు మెల్లగా వంచి సాగదీయడం, వేడి కాపడం. మరునాడు కాస్త సలుపు ఉండేది. వారానికి రెండుసార్ల చొప్పున ఆరు వారాలు వెళ్లాను. ఇప్పుడు నెలకోసారి వెళుతున్నాను. ఇంట్లో అయితే రెక్క ఎముక పక్కన టెన్నిస్ బంతి పెట్టుకుని గోడకు ఆనుకుంటాను. మెడ ముందుభాగం మాత్రం ముట్టుకోవద్దంది. చేతి వేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా ముందు డాక్టరుకు చూపించాలని మొదటిరోజే చెప్పింది.

మొదటి ఏడాది పెళ్లిళ్ల రోజుల్లో పని ఒత్తిడికి వ్యాయామం మానేస్తే రెండు వారాల్లో ముడులన్నీ తిరిగొచ్చాయి. ఆమె చేతులు విప్పిన ముడిని నా కూర్చునే తీరు మళ్లీ వేస్తోంది. మిషను బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టించి 2 అంగుళాలు ఎత్తు పెంచాను. అరగంటకోసారి లేస్తున్నాను. ఈ మాఘంలో నలభై జాకెట్లు కుట్టాను, తలనొప్పి మాత్ర రెండుసార్లే వేసుకున్నాను.