ఇంధన వాల్వ్: చేతికి అందేచోటా, భుజం వెనకా?

మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ మొదలవుతుందన్న మాట వచ్చాక మా వరంగల్ పిల్లలు కొందరు పైలట్ శిక్షణ గురించి అడుగుతున్నారు. ఏ ట్యాంకులోంచి ఇంజిన్‌కు ఇంధనం వెళ్లాలో పైలట్ మార్చే వాల్వ్ ఎక్కడుండాలన్నదానికి వాళ్లు ఈ రెండు ఏర్పాట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

శిక్షణలో ఎక్కువగా కనిపించే సెస్నా 172లో వాల్వ్ ముందు సీట్ల మధ్య, నేల మీద ఉంటుంది. ఎడమకు తిప్పితే ఎడమ ట్యాంకు, కుడికి తిప్పితే కుడి ట్యాంకు, మధ్యలో ఉంచితే రెండూ.

సొంతంగా తయారుచేసుకునే చిన్న విమానం లాంగ్-ఈజెడ్ అసలు డిజైన్‌లో కూడా వాల్వ్ చేతికి అందేలా పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది. అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ కొన్న లాంగ్-ఈజెడ్‌ని తయారుచేసినాయన మాత్రం ఇంధనం కాక్‌పిట్‌లోకి వస్తే మంటల భయమని వాల్వ్‌ని ఎడమ భుజం వెనక బిగించాడు. ఉద్దేశం మంచిదే. కానీ పిడి పైకుంటే ఆఫ్, కిందికుంటే కుడి ట్యాంకు, కుడికి తిప్పితే ఎడమ ట్యాంకు! గుర్తులూ లేవు. అందుకోవాలంటే ఒళ్లు వెనక్కి తిప్పాలి, ఆ ఊపులో కుడికాలు రడ్డర్ పెడల్‌ని (విమానం ముక్కును పక్కకు తిప్పేదాన్ని) తొక్కేస్తుంది. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే దగ్గర విమానం సముద్రంలో కూలి డెన్వర్ చనిపోయారు. 2,700 గంటలకు పైగా నడిపిన మనిషి, ఆ విమానమే ఆయనకు కొత్త. ట్యాంకు మార్చబోయి అదుపు తప్పారని దర్యాప్తులో తేల్చారు. శిక్షణ చాలకపోవడాన్నీ, వాల్వ్ ఉన్న చోటునూ తప్పుపట్టారు.

మంటల భయం నిజమే అయినా నా ఓటు కాళ్ల మధ్య వాల్వుకే. కొత్త విమానం ఎక్కితే ముందు ఇంజిన్ ఆపి, బెల్టు బిగించుకుని, ముందుకే చూస్తూ వాల్వ్ తిప్పి చూడండి. అందకపోతే ఆ రోజు ఎగరకండి.