కొత్త కిడ్నీ నిదానంగా పనిచేస్తుంటే: హాస్పిటల్ దగ్గర రూమా, సొంతూరా?

మా అన్నయ్యకి జీవన్‌దాన్‌లో (దాతల అవయవాల కోసం ప్రభుత్వం నడిపే వెయిటింగ్ లిస్టు) పేరు రాయించిన మూడో ఏట పిలుపొచ్చింది. బ్రెయిన్ డెడ్ అయిన దాత కిడ్నీ. బతికున్నవాళ్లు ఇచ్చిన కిడ్నీ అయితే చాలామందికి ఆపరేషన్ టేబుల్ మీదే యూరిన్ మొదలై, నాలుగైదు రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన, రక్తంలోని వ్యర్థం) దిగొస్తుంది. ఇదేమో గంటల తరబడి రక్తం అందకుండా ఐసులో ఉండి వచ్చింది, లోపలి సన్న గొట్టాలు దెబ్బతిన్నాయి, కోలుకోవడానికి రోజులు కావచ్చు వారాలు కావచ్చు అన్నారు డాక్టర్లు. మొదటి వారంలోనే రెండుసార్లు డయాలసిస్ చేశారు. ఇంత కోత కోయించుకున్నాక కూడా మళ్లీ ఆ మిషనేనా అని వదిన బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చింది. తర్వాత ఆగింది. డిశ్చార్జి నాటికి క్రియాటినిన్ 4.6, రోజుకి ఏ పాయింటు రెండో తగ్గుతోంది.

మా సొంతూరు ఖమ్మం వెళ్లిపోదామా, ఆపరేషన్ అయిన హైదరాబాద్‌లోనే ఉందామా? మేం రెండూ చేశాం, అందుకే రాస్తున్నా.

ముందు ఇంటికే వెళ్లాం. అన్నయ్యకి పిల్లల మీద బెంగ, మాకు అద్దె మీద బెంగ. ఇంట్లో మనసు కుదుటపడుతుంది, అది నిజం, రెండో రోజుకే మనిషి నవ్వాడు. కానీ చూడ్డానికొచ్చేవాళ్లని ఆపడం మా వల్ల కాలేదు. వచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరి బోండాలు తెచ్చి, "నీళ్లు బాగా తాగు బాబూ, కిడ్నీ కడిగినట్టు అయిపోతుంది" అని చెప్పి వెళ్లేవాళ్లు. కిడ్నీ ఇంకా మేలుకోనప్పుడు ఆ బోండాల్లో పొటాషియం ప్రమాదం, నీళ్లు కూడా యూరిన్ ఎంత వస్తోందో చూసి డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. అరుగు మీద ఎనిమిది బోండాలు పేరుకుంటే చివరికి పాలేరు పిల్లలకి పంచాం.

అసలు దెబ్బ ల్యాబ్ దగ్గర తగిలింది. ట్యాక్రోలిమస్ అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే మాత్ర. అది రక్తంలో ఎంతుందో చూసే లెవెల్ టెస్టుకి రక్తం పొద్దున మాత్ర వేసుకోకముందు, అంటే రాత్రి డోసుకి పన్నెండు గంటల తర్వాత ఇవ్వాలి. తొమ్మిదిలోపు వస్తానన్న ల్యాబ్ కుర్రాడు పదిన్నరకి వచ్చాడు, అన్నయ్య టైమ్ తప్పకూడదని తొమ్మిదింటికే మాత్ర మింగేశాడు, మేం కూడా ఏమవుతుందిలే అనుకున్నాం. శాంపిల్ హైదరాబాద్ వెళ్లి రిపోర్టు రావడానికి రెండు రోజులు, వస్తే లెవెల్ 17, మాత్ర వేసుకున్నాక తీసిన రక్తం కాబట్టి ఎక్కువ చూపించింది. ఫోన్లో డోసు తగ్గించారు. రక్తం ఎప్పుడు ఇచ్చారో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మూడు రోజుల తర్వాత మాటల్లో బయటపడితే డాక్టరు కోప్పడి మళ్లీ చేయించమన్నారు, ఈసారి బాగా తక్కువ. ఇంతలో క్రియాటినిన్ 3.9 దగ్గర ఆగి, 4.1కి ఎక్కింది. ఇది కిడ్నీ బద్ధకమా, మందు ఎక్కువైందా, ఒంట్లో నీరు తగ్గిందా, రిజెక్షనా (ఒళ్లే కొత్త కిడ్నీని తిప్పికొట్టడమా)? నాలుగింటికీ కాగితం మీద కనిపించేది ఆ ఒక్క అంకే. రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని వెళ్లాం. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేశారు. రిజెక్షన్ లేదు, గొట్టాలు కోలుకుంటున్నాయన్నారు.

ఆ తర్వాత రూమే. నెలకి పద్నాలుగు వేలు, వంటగదిలో ఇద్దరు పట్టరు, పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్న దుమ్ము ఒకటి. ఎండాకాలం కూడా కిటికీ మూసే ఉండేవాళ్లం. అయినా ఎనిమిదిన్నరకి నడిచి వెళ్లి రక్తం ఇచ్చి, బెంచీ మీదే మాత్ర వేసుకుని, సాయంత్రానికి లెవెల్ తెలిసిపోయేది. వదిన గోడ క్యాలెండర్‌లో తిథుల పక్కన ఇరవై నాలుగు గంటల యూరిన్ రాసేది: ఏకాదశి గడిలో 900 మిల్లీలీటర్లు, అమావాస్యకి 1400. బరువు, బీపీ కింద చిన్నక్షరాల్లో. ఓపీలో డాక్టరు ఫైలు పక్కనపెట్టి ఆ క్యాలెండర్ కాగితమే చూసేవారు.

ఉప్పల్లో చుట్టాలింట్లో ఉండమన్నారు. ఒకే బాత్రూమ్, జలుబుతో ఇద్దరు పిల్లలు. వద్దన్నాం, కాస్త అలిగారు.

నన్నడిగితే, కిడ్నీ నిదానంగా ఉన్నన్నాళ్లూ, అంటే వరసగా మూడు టెస్టుల్లో క్రియాటినిన్ కదలకుండా నిలబడి, ఆపరేషన్లో యూరిన్ గొట్టంలో పెట్టిన స్టెంట్ (సన్న ప్లాస్టిక్ గొట్టం) తీసేదాకా, అప్పు చేసైనా రూమే. ఆటో దూరం చాలు, హాస్పిటల్‌ని ఆనుకుని ఉండక్కర్లేదు. కిడ్నీ మొదటి వారమే బాగా అందుకున్నవాళ్లకీ, ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లని చూసే నెఫ్రాలజిస్టు సొంతూళ్లోనే ఉన్నవాళ్లకీ ఈ లెక్క వర్తించదు, డాక్టరు సరేనంటే హాయిగా ఇంటికి వెళ్లొచ్చు. మిగతావాళ్లు ఇంటికే వెళ్లాల్సి వస్తే ఒకటే ల్యాబ్ పట్టుకోండి, కుర్రాడు రాకముందు మాత్ర ముట్టుకోకండి.

ఏడో వారం స్టెంట్ తీశారు, క్రియాటినిన్ 1.9 దగ్గర నిలిచింది. ఇప్పుడు ఖమ్మంలోనే ఉంటున్నాడు. నెలకోసారి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం, మాత్రల డబ్బా మాత్రం వదిన బ్యాగులోనే ఉంటుంది, రక్తం ఇచ్చాకే బయటికొస్తుంది.