యానాం దారి, చందన్‌నగర్ దారి, గోవా దారి: ఏది మేలు?

కాకినాడ వైపు నుంచి యానాంలోకి వచ్చే బళ్ళు చాలావరకు ముందు ఆగేది పెట్రోలు బంకు దగ్గర. పన్ను తక్కువ, ధరా తక్కువ. మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఎక్కడ అయిపోయి పుదుచ్చేరి ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలీదు. భాష అదే, గోదావరి అదే, పులస పిచ్చీ అదే. కానీ ఇక్కడి ఎమ్మెల్యే అసెంబ్లీకి వెళ్ళాలంటే 800 కిలోమీటర్లు దాటి పుదుచ్చేరి చేరాలి. కేసు పై కోర్టుకు వెళ్ళిందంటే అది మద్రాసు హైకోర్టుకే వెళ్తుంది.

ఇదంతా చూసిన గోదావరి జిల్లాల వాళ్ళు అడిగే మాట ఒకటుంది: ఫ్రెంచివాళ్ళు పోయినప్పుడే దీన్ని ఆంధ్రలో కలిపేసి ఉంటే గొడవ వదిలేది కదా? వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే మన దేశంలో ఇలాంటి పరాయి పాలనలోని ముక్కల్ని కలుపుకున్న తీరు ఒకటి కాదు. చందన్‌నగర్ ఒక దారిలో, యానాం మరో దారిలో, గోవా ఇంకో దారిలో వచ్చాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట అంత సబబుగా ఉండదని నా అభిప్రాయం.

1947లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక కూడా పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం, చందన్‌నగర్ ఫ్రాన్స్ చేతిలోనే ఉన్నాయి. గోవా, డామన్, డయ్యు, దాద్రా నగర్ హవేలీ పోర్చుగల్ దగ్గర ఉన్నాయి. మచిలీపట్నంలో ఉన్నలాంటి చిన్నాచితకా ఫ్రెంచి వర్తక స్థావరాలను మాత్రం ఫ్రాన్స్ 1947 అక్టోబరులోనే పెద్ద పేచీ లేకుండా అప్పగించేసింది.

అన్నిటికంటే ముందు తేలిపోయింది చందన్‌నగర్. హుగ్లీ ఒడ్డున, కలకత్తాకు కూతవేటు దూరంలో ఉన్న ఊరు, చుట్టూ బెంగాల్. ప్రజలే తేల్చుకోవాలని 1948 జూన్‌లో భారత్, ఫ్రాన్స్ ఒక ఒప్పందానికి వచ్చాయి. 1949 జూన్ 19న ఓటింగ్ పెడితే భారత్ వైపు 7,400కు పైగా ఓట్లు పడ్డాయి, ఫ్రాన్స్‌తో ఉంటామన్నవి 114. ఏడాది తిరక్కుండానే, 1950 మేలో, పాలన మన చేతికి వచ్చింది. 1952లో చట్టప్రకారం బదిలీ పూర్తయింది. 1954 అక్టోబరు 2న పశ్చిమ బెంగాల్‌లో కలిపేశారు. ఇవాళ అది హుగ్లీ జిల్లాలో ఒక సబ్‌డివిజన్. దానికంటూ ఒక మునిసిపల్ కార్పొరేషన్ మిగిలింది, జగద్ధాత్రి పూజ లైటింగుకు పేరు మిగిలింది. పాలన కోణంలో చూస్తే ఇంతకంటే శుభ్రమైన పని లేదు. తన భాష మాట్లాడే అసెంబ్లీ, తన పక్కనే ఉన్న హైకోర్టు. కలెక్టరు ఉద్యోగం చేసిన వాళ్ళనెవరినైనా అడగండి, ఇదే మేలంటారు.

నా పేచీ ఒక్కటే. 1949లో ఆ ఊరివాళ్ళ ముందు పెట్టిన ప్రశ్న భారతా, ఫ్రాన్సా అన్నది. బెంగాల్‌లో కలవాలా, వేరుగా ఉండాలా అన్న దాని మీద ఓటింగ్ జరగలేదు. రెండో ప్రశ్నను ఓటుకు పెట్టకుండానే తేల్చేశారు.

యానాం కథ ఇంత సాఫీగా లేదు. అసలు ఇలాంటి ఊళ్ళు బతికేదే సరిహద్దు మీద. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలకు అడ్డుపడితే, పిల్లల పెళ్ళిళ్ళు చేయాలనుకున్న చుట్టుపక్కల వాళ్ళు బళ్ళు కట్టుకుని యానాం వచ్చి తాళి కట్టించుకుని వెళ్ళేవాళ్ళు. ఆ చట్టం ఫ్రెంచి నేల మీద చెల్లదు. అందుకే ఊరికి కళ్యాణపురం అన్న పేరొచ్చింది. మంగళవారం సంతకు విదేశీ సరుకు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్ళు. ఇవాళ్టి పెట్రోలు, మందు ఆ సంతకు మనవలే. సరిహద్దు చెరిపేయడమంటే ఊరివాళ్ళ వరకు చేతిలో ఉన్న వ్యాపారాన్ని వదులుకోవడమే. ఈ సంగతి ఢిల్లీలో ఫైళ్ళు రాసేవాళ్ళకంటే సంతలో కొట్టు పెట్టుకున్నవాళ్ళకే బాగా తెలుసు.

చందన్‌నగర్‌లో తగిలిన దెబ్బతో, దక్షిణాన ఉన్న నాలుగు ఊళ్ళలో ఫ్రాన్స్ ఓటింగ్ జరగనివ్వలేదు. భారత్ ఊరుకోలేదు. 1949లో ఉమ్మడి కస్టమ్స్ ఏర్పాటును తెంచేసింది. రాకపోకల మీద, సరుకుల మీద ఆంక్షలు పెట్టింది. దొంగ సరుకు వ్యాపారం పెరిగింది, మామూలు జనానికి తిప్పలు పెరిగాయి. ఇంతలో 1954 మేలో వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రాన్స్ చిత్తుగా ఓడింది. జూన్‌లో పియెర్ మెండెస్-ఫ్రాన్స్ అనే నాయకుడు అక్కడ ప్రధాని అయ్యాడు. వలసలు వదిలించుకోక తప్పదన్న ఆలోచన పారిస్‌లో బలపడింది.

యానాం మాత్రం పారిస్ కోసం కాచుకుని కూర్చోలేదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో కార్యకర్తలు ఊళ్ళోకి చొచ్చుకెళ్ళి అధికారం లాక్కున్నారు, త్రివర్ణ పతాకం ఎగరేశారు. దడాల ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలోనే ఇన్‌స్పెక్టరు. ఏ ఠాణా ఎలా పనిచేస్తుందో లోపలి నుంచి తెలిసిన మనిషి. మాహెలో నెల తిరిగేసరికి ఇదే జరిగింది, అక్కడ నాయకుడు ఐ.కె. కుమారన్. కాబట్టి ఫ్రెంచి భాగమంతా చర్చలతో శాంతియుతంగా వచ్చిందని పాఠాల్లో చదివే మాటను కొంచెం తగ్గించి తీసుకోవాలి.

ఆ తర్వాత 1954 అక్టోబరు 18న కీళూరు అనే పల్లెలో ఓటింగ్ పెట్టారు. ఇక్కడ ఓటరు జనం కాదు. నాలుగు ప్రాంతాల నుంచి ఎన్నికైన 178 మంది ప్రతినిధులు. 170 మంది విలీనానికి సై అన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఒప్పంద పత్రం 1956 మే 28న రాసుకున్నారు కానీ, అల్జీరియా యుద్ధం ముగిసేదాకా ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆమోదించలేదు. చట్టప్రకారం బదిలీ అయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది. ఎనిమిదేళ్ళపాటు ఇక్కడివాళ్ళు పాలనలో భారతీయులు, కాగితం మీద ఫ్రెంచివాళ్ళు.

ఓటు జనం చేతికి రాకపోయినా, ఆ ఒప్పందంలో ఒక గట్టి షరతు దక్కింది. 1954 నవంబరుకు ముందున్న ప్రత్యేక పరిపాలనా హోదా ఈ ప్రాంతాలకు కొనసాగుతుందని, దాన్ని రాజ్యాంగపరంగా మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలని రెండో అధికరణం చెబుతుంది. చందన్‌నగర్‌కు లేనిది, యానాంకు ఉన్నది ఇదే. 1963లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి అసెంబ్లీ వచ్చినప్పుడు యానాం అందులో భాగంగానే ఉంది.

దాని వల్ల ఒరిగిందేమిటంటే, 30 చదరపు కిలోమీటర్లు మించని ఊరికి సొంత ఎమ్మెల్యే ఉన్నాడు. పక్కన ఆంధ్రలో అయితే ఇంత జనాభా ఒక నియోజకవర్గంలో ఒక మూలకు కూడా చాలదు. పుదుచ్చేరి కాలేజీ సీట్లలో ప్రాంతీయ కోటా ఉంది. ముప్ఫై సీట్ల అసెంబ్లీలో ఒక్క సీటంటే ప్రభుత్వం నిలబెట్టగలదు, పడగొట్టగలదు. 2021లో పుదుచ్చేరి మాజీ ముఖ్యమంత్రి రంగస్వామి తన తమిళ నియోజకవర్గంతో పాటు యానాంలోనూ నిలబడ్డాడు. అక్కడ గెలిచాడు, ఇక్కడ ఒక ఇండిపెండెంటు చేతిలో ఓడిపోయాడు. తమిళనాడు పక్కనున్న నాయకుడు గోదావరి ఒడ్డుకు వచ్చి ఓట్లడిగి ఓడిపోవడం ఈ ఏర్పాటులో తప్ప ఇంకెక్కడ చూస్తాం?

నష్టాలూ తక్కువేం కాదు. పుదుచ్చేరి రాష్ట్రం కాదు గనుక కేంద్ర పన్నుల్ని రాష్ట్రాలకు పంచే ఫైనాన్స్ కమిషన్ పంపకంలో వాటా రాదు. కేంద్రం ఇచ్చే గ్రాంటు మీద ఆధారపడాలి. లెఫ్టినెంట్ గవర్నరుకూ ముఖ్యమంత్రికీ పడకపోతే ఫైళ్ళు ఆగిపోతాయి. కిరణ్ బేదీ, నారాయణస్వామి హయాంలో అది దేశమంతా చూసింది. ఆ టెన్షన్ పుదుచ్చేరిలో మొదలైతే, సెగ 800 కిలోమీటర్ల అవతల పెన్షనుకు, రోడ్డు బిల్లుకు తగులుతుంది. ఇంకో సంగతి, యానాంలో చౌకగా దొరికే మందుకూ పెట్రోలుకూ పడే పన్ను నష్టం ఆంధ్ర ఖజానాదే. ఆంధ్రలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో ఈ సరిహద్దు ఎంత కిటకిటలాడిందో ఆ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఇక గోవా. పోర్చుగల్‌లో సలజార్ నియంత. ఇవి వలసలే కావు, సముద్రం అవతల ఉన్న మా రాష్ట్రాలే అని 1951లో రాజ్యాంగంలోనే మార్పు చేసుకున్నాడు. పారిస్‌లోలా ప్రభుత్వం మారి మాట మారే అవకాశం లిస్బన్‌లో లేదు. 1955 ఆగస్టు 15న నిరాయుధ సత్యాగ్రహులు సరిహద్దు దాటితే కాల్పులు జరిపి ఇరవై మందికి పైగా చంపారు. పద్నాలుగేళ్ళ ఎదురుచూపు తర్వాత 1961 డిసెంబరులో సైన్యం దిగింది. రెండు రోజులు తిరక్కుండా పని అయిపోయింది. ఆఖరి మనిషి దాకా పోరాడమని సలజార్ ఆదేశిస్తే, గవర్నరు వస్సాలో ఇ సిల్వా లొంగిపోయి తనవాళ్ళ ప్రాణాలు కాపాడాడు. పోర్చుగల్ ఈ మార్పును ఒప్పుకున్నది 1974లో, అక్కడ నియంతృత్వం కూలాకే. దేశం పరువు కోణంలో గోవా దారి ఖరీదైనదే. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానానికి సోవియట్ వీటో అడ్డుపడింది కాబట్టి గట్టెక్కాం.

అయితే సైన్యం వెళ్ళిన ఈ చోటే, ఓటుతో వచ్చిన చందన్‌నగర్‌లో ఓటుకు పెట్టని రెండో ప్రశ్నను ఓటుకు పెట్టారు. గోవాలో 1963 డిసెంబరులో జరిగిన తొలి ఎన్నికల్లో గెలిచింది దయానంద్ బందోడ్కర్ నడిపిన మహారాష్ట్రవాది గోమంతక్ పార్టీ. గోవాను మహారాష్ట్రలో కలపడమే దాని ప్రధాన నినాదం. అసెంబ్లీలో మెజారిటీ వాళ్ళదే. కీళూరు పద్ధతిలో ప్రతినిధులు చేతులెత్తి ఉంటే గోవా ఆ రోజే మహారాష్ట్రలో ఒక జిల్లా అయిపోయేది. జాక్ సిక్వేరా లాంటి ప్రతిపక్ష నాయకులు పట్టుబట్టింది దీని మీదే: అసెంబ్లీ తేల్చకూడదు, జనమే తేల్చాలి. ఓటింగ్ నిష్పక్షపాతంగా జరగాలని బందోడ్కర్ ప్రభుత్వం ముందే రాజీనామా చేసింది. ఈ సంగతి ఇప్పటి రాజకీయాలు చూసేవాళ్ళకు నమ్మబుద్ధి కాదు.

1967 జనవరి 16న ఓటింగ్. విలీనానికి గుర్తు పువ్వు, వద్దనడానికి రెండాకులు. రెండాకులకు 1,72,191 ఓట్లు, పువ్వుకు 1,38,170. తేడా 34,021. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే జరిగిన ఎన్నికల్లో అదే జనం మళ్ళీ బందోడ్కర్‌నే గెలిపించారు! నువ్వు పాలించు, కానీ మా ఊరిని పక్కవాళ్ళకు ఇవ్వకు అన్నారన్నమాట. 1987లో కొంకణి అధికార భాషైంది, ఆ ఏడాది మే 30న గోవా రాష్ట్రమైంది.

మరి ఏది మేలు? వలస పాలకుణ్ణి సాగనంపే తీరులో చందన్‌నగర్‌కే నా ఓటు, కానీ అది మన చేతిలో ఉన్న ఎంపిక కాదు. అవతల కూర్చున్నది ఫ్రాన్సా, సలజారా అన్నదాన్ని బట్టి దారి తేలింది. దేశంలోకి వచ్చాక ఏం చేయాలన్నదే మన చేతిలో ఉన్నది. అక్కడ గోవాదే పైచేయి. ఐదేళ్ళు కొత్త పాలన రుచి చూశాక, నిజమైన ప్రత్యామ్నాయాలు ముందు పెట్టి, ప్రతినిధుల్ని కాక మనుషుల్ని అడిగారు. ప్రతినిధుల మాటా జనం మాటా ఒకటి కాకపోవచ్చని అక్కడ లెక్కలతో సహా తేలింది.

యానాం ఈ రెంటికీ మధ్యన ఉంది. ఇక్కడ జనాన్ని నేరుగా అడగలేదు, కానీ అడగకుండా హోదా మార్చబోమన్న మాట రాసిచ్చారు. దూరం బాధే, గవర్నరు పేచీ బాధే. అయినా ఇవాళ యానాంలో ఇల్లున్న మనిషిగా ఆలోచిస్తే నాకు చందన్‌నగర్ హోదా కంటే ఇదే మేలనిపిస్తుంది. కాకినాడలో ఇల్లున్న మనిషిగా, అంటే పన్ను నష్టపోయే ఆంధ్ర పౌరుడిగా ఆలోచిస్తే లెక్క తిరగబడుతుంది, ఒప్పుకుంటాను.

కాబట్టి యానాంను ఆంధ్రలో కలపాలన్న మాట మళ్ళీ ఎవరైనా ఎత్తితే, అటు అసెంబ్లీలో తీర్మానం, ఇటు అసెంబ్లీలో తీర్మానం సరిపోవు. గోవాలోలా ఓటింగ్ పెట్టాలి, అదీ యానాం ఓటర్ల జాబితాతోనే. కాకినాడ, కోనసీమ వాళ్ళకు అందులో ఓటుండకూడదు, పుదుచ్చేరి వాళ్ళకూ ఉండకూడదు.